ఉమ్మడి కీబోర్డు పలకనప్పుడు

మన క్లబ్బు వాళ్లు ఈ సంచికకి నన్ను కథ అడిగారు. కథ రాయడం నాకు చేతకాదు. కానీ ఏడాదిగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్న సంగతి ఒకటుంది, దాని మీద నాకు గట్టి అభిప్రాయం కూడా ఉంది. రెండూ కలిపి రాస్తున్నాను. సీఎస్‌ఈ కానివాళ్లు కూడా భయపడకుండా చదవచ్చు. ఇందులో ఒక్క లైను కోడ్ లేదు. ఒక కీబోర్డు ఉంది, దాని మీద ఒక చిన్న పచ్చ లైటు ఉంది, చివర్లో ఒక మెమో ఉంది.

ముందు సర్వర్ గది సంగతి. మన డిపార్ట్‌మెంటు సర్వర్ గదిలోకి వెళ్లినవాళ్లు తక్కువే. ఇప్పుడైతే తాళమే వేసి ఉంది కాబట్టి వెళ్లే అవకాశమూ లేదు. లోపల ఒక ర్యాకు, అందులో నాలుగు సర్వర్లు. నాలుగింటికీ కలిపి మానిటరు ఒకటే, కీబోర్డు ఒకటే, మౌసు ఒకటే. మధ్యలో టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి కూర్చుని ఏ సర్వర్ కావాలంటే దానికి ఈ మూడింటినీ కలుపుతుంది. దాని పేరు కేవీఎం స్విచ్చి. కీబోర్డు, వీడియో, మౌసు, అంతే. (నెట్‌లో కేవీఎం అని వెతికితే మాత్రం లినక్స్ కెర్నెల్‌లోకి 2007లో చేరిన వర్చువల్ మెషీన్ సంగతులు కుప్పలుగా వస్తాయి. దానికీ దీనికీ చుట్టరికం లేదు. వైవాలో ఒకసారి నేను ఇది అడిగితే అది చెప్పి నవ్వులపాలయ్యాను.)

స్విచ్చి ముందు బటన్లున్నాయి కానీ మా దాంట్లో రెండు బటన్లు లోపలికి పోయి ఇరుక్కున్నాయి. అందుకని కీబోర్డు మీద నుంచే మారుస్తాం. స్క్రోల్ లాక్ అని కీబోర్డు పైవరసలో కుడివైపు ఒక కీ ఉంటుంది చూడండి, ఈ కాలంలో ఎవరూ వాడనిది. దాన్ని వెంటవెంటనే రెండుసార్లు నొక్కి, సర్వర్ నంబరు కొట్టాలి. 'టక్ టక్ రెండు' అంటే రెండో సర్వర్, 'టక్ టక్ మూడు' అంటే మూడోది. చాలా కంపెనీల స్విచ్చిలకి ఇలాంటి ఏర్పాటే ఉంటుంది. ఎవరూ వాడని కీ కదా అని దీన్ని ఎంచుకున్నారు. ఎవరూ వాడకపోయినా దాని పని దానికుందన్న సంగతి మాకు తెలీదు.

నిరుడు నవంబరులో, ల్యాబ్ ఎగ్జామ్‌కి ముందు రోజు రాత్రి. ల్యాబు నెట్‌వర్కు మార్చారు. అన్ని సర్వర్లకీ కొత్త ఐపీ అడ్రసులు ఇవ్వాలి. ఎస్‌ఎస్‌హెచ్‌లో కూర్చుని ఐపీ మార్చడమంటే కూర్చున్న కొమ్మ నరుక్కోవడమే కాబట్టి కన్సోల్ దగ్గరికే వెళ్లాం. మేం ముగ్గురం, స్టూడెంట్ వాలంటీర్లం. ల్యాబ్ టెక్నీషియన్ అన్నకి ఆ సాయంత్రం ఇంట్లో ఏదో పని ఉండి, తాళాలు మాకిచ్చి, "మూడో దాంట్లో బ్యాకప్ పెట్టి వెళ్తున్నా తమ్ముడూ, అది అయ్యేదాకా దాన్ని ముట్టుకోకండి. మిగతావి మార్చండి" అని చెప్పి వెళ్లాడు.

మూడో సర్వర్లో సెకండియర్ వాళ్ల ల్యాబ్ ప్రోగ్రాములన్నీ ఉంటాయి. తెర మీద ఫైళ్ల పేర్లు జలజలా పారుతున్నాయి. నేను కుర్చీలో ఉన్నాను. రెండో సర్వర్‌కి మారదామని స్క్రోల్ లాక్ ఒకసారి నొక్కాను. ఈలోగా పక్కవాడు "ఏ నంబరు?" అన్నాడు. వాడికి జవాబు చెప్పి రెండోసారి నొక్కేసరికి ఆలస్యమైపోయింది. స్విచ్చి దాన్ని తన కోసం చేసిన సైగగా లెక్కపెట్టలేదు. మొదటి నొక్కుని మామూలు కీలాగే మూడో సర్వర్‌కి పంపేసింది. ఆలస్యంగా నొక్కిన రెండోదాన్ని కొత్త సైగకి మొదలనుకుని, దాని జోడీ కోసం కాసేపు చూసి, నేను వెంటనే బ్యాక్‌స్పేస్ కొట్టడంతో ఆ నొక్కుని మింగేసింది. ఇదంతా నాకు తర్వాత ప్రయోగం చేసి చూస్తే తెలిసింది. ఆ రాత్రి కనబడింది ఒక్కటే, తెర మీద పారుతున్న పేర్లు ఠక్కున ఆగిపోయాయి.

ఎంటర్ కొట్టాం. ఏమీ లేదు. అక్షరాలు కొట్టాం. తెర కదల్లేదు. పక్కవాడు కీబోర్డు ఎత్తి బోర్లించి దులిపాడు (నవ్వకండి, మీరూ చేసి ఉంటారు). "కీబోర్డు చచ్చింది" అన్నాడు. ఇంకొకడు తెర ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. కేబుల్ పీకి పెట్టాం. అదీ పని చేయలేదని ల్యాబు నుంచి ఇంకో కీబోర్డు తెచ్చి తగిలించాం. దానికీ పలకలేదు. రెండు కీబోర్డులూ ఒకేసారి చావవు కదా, అంటే చచ్చింది సర్వరే అని తేల్చుకున్నాం. కంట్రోల్ సీ కొడదామా అని ఒకడన్నాడు. వద్దు, కొడితే బ్యాకప్ ఆగిపోతుంది అన్నాం. ఇంకో ఇరవై నిమిషాలు అలాగే చూసి, చివరికి పవర్ బటన్ మీద వేలు పెట్టి నాలుగు సెకన్లు నొక్కి పట్టాం. బ్యాకప్ ఆగిపోతుందని కంట్రోల్ సీ కొట్టడానికి జంకినవాళ్లమే, సర్వర్ని మొత్తంగా ఆపేశాం. వేలు నాదే.

మళ్లీ ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగాయి. డిస్కు లేవలేదు. లోపల నుంచి టక్, టక్ అని చప్పుడు, కాసేపు నిశ్శబ్దం, మళ్లీ టక్ టక్. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన పాత హార్డ్ డిస్కు ఒకసారి పూర్తిగా ఆగితే మళ్లీ తిరగడం మొదలుపెట్టలేకపోవచ్చని సర్వర్ల దగ్గర పనిచేసేవాళ్లందరికీ తెలుసట. మాకు ఆ రాత్రి తెలిసింది.

మర్నాడు పొద్దున్నే అన్న వచ్చాడు. తిట్టలేదు. మేం చెప్పింది విని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "స్క్రోల్ లాక్ లైటు వెలిగి ఉందా తమ్ముడూ, రాత్రి?"

మేం ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. చూడలేదన్నాం. నిజంగానే చూడలేదు. తర్వాత తెచ్చిన కీబోర్డుకైతే ఆ లైటే లేదు, చవక రకాల మీద దాన్ని తీసేశారు.

ఇక్కడ కథ ఆపి ఆ లైటు సంగతి చెప్పాలి. ఎందుకంటే నాలుగేళ్ల కోర్సులో నాకు ఎవరూ చెప్పనిది, చెప్పాల్సింది ఇదే.

మన కీబోర్డు మీద నమ్ లాక్, క్యాప్స్ లాక్, స్క్రోల్ లాక్ అని మూడు లైట్లుంటాయి. క్యాప్స్ లాక్ నొక్కగానే లైటు వెలుగుతుంది కాబట్టి కీబోర్డే వెలిగించుకుంటోందని అనుకుంటాం. కాదు. మామూలుగా కీబోర్డు చేసేది 'ఫలానా కీ నొక్కారు' అని కంప్యూటర్‌కి కబురు పంపడం వరకే. లైటు వెలిగించమని తిరుగు ఆజ్ఞ కంప్యూటర్ నుంచి రావాలి. ఐబీఎం పీసీల్లో 1984లో వచ్చిన ఏటీ మోడల్ కీబోర్డు నుంచీ ఇదే పద్ధతి. అంతకుముందు 1981 పీసీ కీబోర్డులో స్క్రోల్ లాక్ కీ ఉంది గానీ లైట్లు లేవు. అంటే నమ్ లాక్ లైటు వెలిగి ఆరుతోందంటే అర్థం ఏమిటి? కబురు వెళ్లింది, అవతల ఆపరేటింగ్ సిస్టమ్ మేలుకుని ఉంది, జవాబు తిరిగొచ్చింది. కీబోర్డు, కేబులు, స్విచ్చి, పోర్టు, కెర్నెల్, అన్నీ ఒక్క నొక్కులో బాగున్నాయని తేలిపోతుంది. జబ్బు ఆపైన ఉందని అర్థం.

కేవీఎం మధ్యలో ఉన్నప్పుడు చిన్న మెలిక ఉంది. కొన్ని స్విచ్చిలు ఆ లైట్లని తామే వెలిగిస్తాయి, అప్పుడు ఈ పరీక్ష స్విచ్చి వరకే చెబుతుంది. మీ స్విచ్చి ఏ రకమో తెలియాలంటే బాగున్న రోజునే చూసి పెట్టుకోవాలి. సర్వర్ ఆపి ఉన్న పోర్టుకి మార్చి నమ్ లాక్ నొక్కండి. లైటు అప్పుడూ వెలిగిందంటే అది స్విచ్చి వెలిగించిందే.

కీ దగ్గర నుంచి తెర మీద అక్షరం దాకా ఒక గొలుసు ఉంది. ఎక్కడో ఒక లంకె తెగింది. సెకండియర్లో బైనరీ సెర్చ్ నేర్చుకుని, పది మార్కులకి రాసి, సగానికి సగం కొట్టేసుకుంటూ వెతకాలని బల్ల గుద్ది చెప్పినవాళ్లం, తీరా మన చేతికింద గొలుసు తెగినప్పుడు మొదటి చివర నుంచి ఒక్కొక్కటీ పీకి చూసుకుంటూ పోయాం. అందులోనూ రెండు పనులు ఒకేసారి చేశాం. కీబోర్డూ మార్చాం, స్విచ్చి మీద పోర్టూ మార్చాం. పలికి ఉంటే ఏది మార్చినందుకు పలికిందో చెప్పలేకపోయేవాళ్లం.

ఇక స్క్రోల్ లాక్. లినక్స్ కన్సోల్లో దానికి ఇప్పటికీ పని ఉంది. నొక్కితే తెర మీదకి వచ్చే రాత ఆగిపోతుంది, మళ్లీ నొక్కితే కదులుతుంది. కంట్రోల్ ఎస్, కంట్రోల్ క్యూ కూడా ఇదే పని చేస్తాయి. టెలిటైపు యంత్రాల కాలంలో 'ఆగు', 'పంపు' అని చెప్పుకోవడానికి పెట్టుకున్న సైగలవి, ఇన్నేళ్లయినా తీసేయలేదు. రాత ఆగినప్పుడు మనం కొట్టే అక్షరాలూ కనబడవు, ఎందుకంటే వాటిని తెర మీద చూపించడమూ రాతే. కీబోర్డు పలుకుతూనే ఉంటుంది, జవాబు మాత్రం మనకి కనబడదు. పైగా రాసిన పేరు తెర మీదకి వెళ్లకపోతే బ్యాకప్ ప్రోగ్రామ్ కూడా అక్కడే నిలబడి ఎదురుచూస్తుంది. సర్వర్ చావలేదు. మేం 'ఆగు' అన్నాం, ఆగింది. 'పో' అంటే పోయేది. ఆ భయపడ్డ కంట్రోల్ సీ కొట్టినా బ్యాకప్ ఒక్కటే పోయి, తెర మళ్లీ కదిలేది. ఆల్ట్ ఎఫ్2 కొట్టినా ఇంకో కన్సోల్ తెరుచుకుని లాగిన్ అడిగేది. పాత ఐపీ అడ్రసుల వరసలోనే ఒక ల్యాప్‌టాప్‌కి అడ్రసు ఇచ్చి, సర్వర్‌కి నేరుగా కేబుల్ తగిలించి పింగ్ చేసినా బదులు వచ్చేది. వీటిలో ఏ ఒక్కటి చేసినా సర్వర్ బతికే ఉందని తెలిసేది. మేం ఒక్కటీ చేయలేదు. ప్రతి దానికీ అర నిమిషం కూడా పట్టదు.

అసలు కన్సోల్ ముందు చేయగలిగే పనులని వాటి వల్ల జరిగే నష్టాన్ని బట్టి వరసలో పెట్టుకోవాలని నా వాదన. చూడటానికి నష్టం లేదు, కాబట్టి ముందు లైట్లు చూడు, తెర చూడు, స్విచ్చి మీద ఏ పోర్టు ఎంపికై ఉందో చూడు (నాలుగో పోర్టు తెర చూస్తున్నాననుకుని మూడో పోర్టులో టైపు చేసేవాళ్లని చూశాను). తర్వాత నష్టం లేని నొక్కులు. తర్వాత వేరే దారిలో పలకరింపు, అంటే నెట్‌వర్కు నుంచి. ఆ తర్వాతే కేబుళ్లు. కేబుల్ పీకడం కూడా అంత అమాయకమైన పని కాదు. ర్యాకులో అన్నిటికంటే పాత సర్వర్‌కి ఇంకా గుండ్రటి పీఎస్/2 కేబులే ఉంది. 1987లో ఐబీఎం తెచ్చిన ఆ పోర్టు, యంత్రం నడుస్తుండగా పీకి పెట్టడం కోసం చేసింది కాదు. మళ్లీ పెట్టినా కీబోర్డు ఉందని గుర్తించకపోవచ్చు. అందుకే కేవీఎం స్విచ్చి తనతో ఆ సమయంలో మాట్లాడని సర్వర్లకి కూడా 'నేను కీబోర్డుని, ఇక్కడే ఉన్నా' అని నటిస్తూ ఉంటుంది. కీబోర్డు కనబడలేదు, కొనసాగడానికి ఎఫ్1 నొక్కండి అని వచ్చే సందేశం మీద మనం జోకులేసుకుంటాం గానీ, ఆ కాలంలో కీబోర్డు లేకుండా లేచిన యంత్రం అక్కడే నిలబడిపోయేది, ర్యాకు నిండా ఉన్న సర్వర్లకి అది జోకు కాదు.

యూఎస్‌బీ వచ్చాక పీకి పెట్టడం తేలికైంది కానీ అక్కడ వేరే పేచీ. స్విచ్చి కీబోర్డులా నటించాలంటే దానికి కీబోర్డు భాష అర్థం కావాలి. మామూలు కీబోర్డు భాష అర్థమవుతుంది. రంగుల లైట్లున్న గేమింగ్ కీబోర్డు, వైర్‌లెస్ డాంగిల్ లాంటివి పెడితే కొన్ని స్విచ్చిలు తెల్లమొహం వేస్తాయి. కీబోర్డు బాగానే ఉంటుంది, సర్వరూ బాగానే ఉంటుంది, మధ్యలో దుబాసీకి భాష రాదు. అలాంటప్పుడు పాత మూడొందల రూపాయల కీబోర్డే దేవుడు. స్విచ్చినే రీసెట్ చేయాలంటే అడాప్టరు ఒక్కటి పీకితే చాలదు, చాలావాటికి సర్వర్ల యూఎస్‌బీ కేబుళ్ల నుంచి కూడా కరెంటు అందుతూ ఉంటుంది.

పవర్ బటన్ అన్నిటికంటే ఆఖరిది. దానికి ముందు కూడా లినక్స్‌లో ఒక మెట్టుంది. ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ పట్టుకుని ఎస్ కొడితే మెమరీలో ఉన్నది డిస్కుకి రాస్తుంది, యూ కొడితే డిస్కుల మీద ఇక రాయకుండా కట్టేస్తుంది, బీ కొడితే రీబూట్ చేస్తుంది. అన్ని సర్వర్లలోనూ ఇది తెరిచి ఉంచరు, మీ దాంట్లో ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఇలా రీబూట్ చేస్తే డిస్కుకి కరెంటు పోదు, తిరుగుతూనే ఉంటుంది. మా డిస్కుకి కావాల్సింది అదొక్కటే.

మళ్లీ కథలోకి. ఆ ఉదయం హాస్టల్‌కి వెళ్లి గ్రూపులో పెట్టిన ఫోటో తెరిచాను. తెర మీద ఆగిపోయిన పేర్లు. ఫోటో కింది అంచున కీబోర్డు సగం పడింది. మూడు లైట్లలో మూడోది వెలిగి ఉంది. పచ్చగా, స్పష్టంగా. ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. ఫోటోని జూమ్ చేసి చూసి, ఫోన్ పక్కన పెట్టేశాను.

ఆగిపోయిన బ్యాకప్ ఫైల్లో, ఆగేవరకూ ఎక్కిన ఫైళ్లు బయటికి తీయగలిగారు. టార్ ఫైలుకి ఆ గుణం ఉంది, సగంలో తెగినా మొదటి సగం చదవచ్చు. ఏ సెక్షన్ ప్రోగ్రాములన్నీ వచ్చాయి. బీ సెక్షన్ వాళ్లవి కొన్ని పేర్లే. అంతకుముందు తీసిన బ్యాకప్ ఐదు వారాల నాటిది. ఆ ఐదు వారాల పనీ బీ సెక్షన్ వాళ్లు సెలవుల్లో మళ్లీ కూర్చుని చేశారు. ఈ వ్యాసం చదివే మూడో సంవత్సరం వాళ్లలో ఆ సెక్షన్ వాళ్లు ఉంటారు. ఎందుకు చేయాల్సి వచ్చిందో మీకు 'సర్వర్ క్రాష్' అని చెప్పి ఉంటారు. అది మేం చెప్పిన మాటే.

విచారణలో మేం రాసిచ్చింది ఇది: "మేము వెళ్లేసరికి బ్యాకప్ నడుస్తున్నది. కొంతసేపటికి సర్వర్ స్పందించలేదు. కీబోర్డు మార్చి చూసినా ఫలితం లేనందున రీస్టార్ట్ చేశాము." ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. స్క్రోల్ లాక్ అన్న మాటా లేదు. ఫోటో సంగతీ లేదు. సర్వర్ నిర్వహణలో అశ్రద్ధ అని అన్నకి మెమో ఇచ్చారు. ఆయన కాంట్రాక్టు ఉద్యోగి. మెమో అంటే మనకి కాయితం, ఆయనకి రెన్యువల్ రోజున ముందు పెట్టే ఫైలు. ఆయన ఎదురు మాట్లాడలేదు. మమ్మల్ని కారిడార్లో చూస్తే ఎప్పట్లాగే "ఏం తమ్ముడూ, తిన్నారా" అనేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట విన్నప్పుడల్లా నేను ఫోన్ జేబులోకి తోసుకునేవాణ్ని.

మా వాళ్లిద్దరూ నన్ను ఓదార్చారు. "ఆ డిస్కు ఎలాగూ పోయేదేరా. వాళ్లు ముందే మార్చాల్సింది." నిజమే, మార్చాల్సింది. ఐదు వారాలకోసారి బ్యాకప్ తీయడమూ తప్పే. కానీ ఆ రాత్రి ఇంకో అరగంట తిరిగి ఉంటే బ్యాకప్ పూర్తయ్యేది. తర్వాత డిస్కు పోయినా ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ఆ అరగంటని ఆపింది డిస్కు కాదు.

ఆ తర్వాత కాలేజీ తీసుకున్న చర్య, విద్యార్థులని సర్వర్ గదిలోకి రానివ్వకపోవడం. ఈ వ్యాసం రాయడానికి సగం కారణం ఇది. మా తప్పుకి మీ తలుపు మూశారు. హెచ్‌ఓడీ గారి మీద గౌరవంతోనే ఈ మాట అంటున్నాను, ఆ తాళం తప్పు మందు. మేం లోపలికి వెళ్లడం వల్ల నష్టం జరగలేదు. ఏమీ తెలియకుండా వెళ్లడం వల్ల, వెళ్లి చేసింది చెప్పకపోవడం వల్ల జరిగింది. తాళం వేస్తే మొదటిది శాశ్వతమవుతుంది. మన దగ్గర ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో డెడ్‌లాక్‌కి నాలుగు షరతులు రాసి డిస్టింక్షన్ తెచ్చుకున్నవాళ్లం, ఆగిపోయిన టెర్మినల్ ముందు కూర్చుని దేన్ని ఏది ఆపిందో అడగలేకపోయాం. ఆ ప్రశ్న అడిగింది డిప్లొమా చేసిన అన్న. ఆయనకి అది ఏ పుస్తకంలోనూ దొరకలేదు, ఇన్నేళ్లు ఆ చలి గదిలో నిలబడితే వచ్చింది. ఆయన వెళ్లిపోతే ఆయనతోనే పోతుంది.

ఇదంతా పాతకాలపు సరుకు, ఇప్పుడు క్లౌడ్ ఉండగా కేవీఎం ఎవడిక్కావాలి అంటారు కొందరు. సరే, ఐలో, ఐడ్రాక్ లాంటివాటితో ఇంట్లో కూర్చునే సర్వర్ తెర చూడొచ్చు. ఆ తెరలో కనిపించేది కూడా ఒక ఉత్తుత్తి కీబోర్డే, అది కూడా పలకని రోజులుంటాయి. ఎస్‌ఎస్‌హెచ్ కిటికీలో పొరపాటున కంట్రోల్ ఎస్ కొట్టి, హ్యాంగయిందని కిటికీ మూసేసినవాళ్లు ఇది చదివేవాళ్లలోనే ఎందరో ఉంటారు. సేవ్ చేయడానికి వేలు దానంతట అదే పోతుంది కదా.

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మా నాయనమ్మ అంటుంటుంది. అందరి సొత్తూ అయినదాన్ని మేపడం ఎవరి పనీ కాదని. నలుగురు వాడే కీబోర్డుతో ఇబ్బంది అదే. నేను కూర్చునేసరికి నా ముందువాడు దాన్ని ఏ స్థితిలో వదిలాడో నాకు తెలీదు. ఏ పోర్టు మీద ఉందో, ఏ కీ నొక్కి లేచాడో, ఏ ప్రోగ్రాము నడుస్తోందో. సొంత ల్యాప్‌టాప్‌లో ఏం చేశామో బుర్రలో ఉంటుంది. ఉమ్మడిదాంట్లో అది కాయితం మీద ఉండాలి. అందుకే నేను అడిగేది చాలా చిన్న సంగతి. ర్యాకుకి ఒక నోటుబుక్కు, దారం కట్టిన పెన్ను. తేదీ, టైము, ఏ పోర్టు, ఏం చూశాను, ఏం నొక్కాను, ఏమైంది. అనుకున్నది కాదు, చూసింది రాయాలి. 'కీబోర్డు చచ్చింది' అని రాయకూడదు. 'ఎంటర్ కొడితే తెర కదల్లేదు, మూడో లైటు వెలిగి ఉంది' అని రాయాలి. ఆ రెండో వాక్యం ఆ రాత్రి మాలో ఒక్కరు రాయబోయినా, రాయడానికైనా లైటు వైపు చూసేవాళ్లం.

దీనికి ఒక షరతుంది. రాసినవాడికి శిక్ష పడితే మర్నాటి నుంచి ఆ పుస్తకంలో ఎవరూ రాయరు. రాస్తే, మేం విచారణలో రాసిచ్చినట్టు రాస్తారు. 'సర్వర్ స్పందించలేదు' అని. కాబట్టి పుస్తకం పెడితే దానితోపాటు డిపార్ట్‌మెంటు ఒక మాట కూడా ఇవ్వాలి, ఇందులో ఉన్నదాన్ని బట్టి ఎవరికీ మెమో ఇవ్వం అని. ఈ మాట నాకు అనుకూలంగా ఉంది కాబట్టి అంటున్నాననుకోవచ్చు. అందుకని నాది ఆ మాట రాకముందే, పేరుతో సహా రాసేస్తున్నాను.

పోయిన వారం హెచ్‌ఓడీ గారికి ఉత్తరం ఇచ్చాను. ఫోటో ప్రింటు తీసి జతపరిచాను, మూడో లైటు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి. మా వాళ్లిద్దరికీ ముందే చెప్పాను. ఒకడు సంతకం పెట్టాడు, ఇంకొకడు ప్లేస్‌మెంట్స్ అయ్యాక చూద్దామన్నాడు. వాణ్ని తప్పుపట్టలేను, ఏడాది పాటు నేనూ అదే అన్నాను. అన్న పేరు మీద ఉన్న మెమో వెనక్కి తీసుకోమని అందులో అడిగాను. చూస్తామన్నారు. రెన్యువల్ జూన్‌లో.

అన్నకి కూడా చెప్పాను. సర్వర్ గది బయట, ఆయన తాళం వేస్తుండగా. ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, ఫోన్ నా చేతికిచ్చి, "ఆ కీబోర్డు ఇంకా నా దగ్గరే ఉంది తమ్ముడూ. బాగానే పనిచేస్తుంది" అన్నాడు.